మాండవ్యుడి కట్టడి

కుట్లు మానాక మనవరాలికి నేనే నీళ్ళు పోసేదాన్ని. పొట్ట మీద నూనె రాస్తుంటే చర్మం కింద పేస్‌మేకర్ ఉబ్బు దగ్గర వేళ్ళు ఆగిపోయేవి.

మా అమ్మాయికి ఇరవై రెండో వారం స్కాన్‌లో డాక్టరమ్మ చాలాసేపు మాట్లాడలేదు. నిమిషానికి 110 నుంచి 160 సార్లు కొట్టుకోవాల్సిన గుండె 54 సార్లే కొట్టుకుంటోంది. పై గదులది ఒక లెక్క, కింది గదులది ఇంకో లెక్క. కంప్లీట్ హార్ట్ బ్లాక్ అన్నారు. 15, 20 వేల కాన్పుల్లో ఒకరికి వస్తుందట.

పురిట్లో చూడవచ్చిన మా ఆడపడుచు, "ఏ జన్మలో ఏం పాపం చేసుకున్నారో" అంది. ఆ రాత్రి అమ్మాయి అడిగింది: "పాపం నాదా, దానిదా అమ్మా?"

పిల్లలకు భారతం పాఠాలు చెప్పిన నాకు నోరు పెగల్లేదు.

డాక్టరమ్మ మాత్రం జవాబు చెప్పింది. తల్లి రక్తంలో యాంటీ-రో అనే యాంటీబాడీలున్నాయి. తల్లికి ఏ జబ్బూ పైకి కనిపించకపోవచ్చు. అవి మాయ దాటి వెళ్ళి, బిడ్డ గుండెలో పై గదుల నుంచి కింది గదులకు కబురందించే చోటును దెబ్బతీశాయి. పుట్టాక తొలి నెలల్లో బిడ్డను జబ్బుల నుంచి కాచే యాంటీబాడీలు వెళ్ళేదీ ఆ దారినే. ఇందులో పాపం ఎక్కడ వెతకను?

భారతం ఆదిపర్వంలో మాండవ్యుడనే ముని చిన్నప్పుడు పురుగుల్ని పుల్లతో గుచ్చినందుకు, పెద్దయ్యాక కొరతకెక్కాడు. తెలియని వయసు పనికి ఇంత శిక్షా అని యముణ్ణే నిలదీసి, శపించి, విదురుడిగా పుట్టించాడు. పద్నాలుగేళ్ళ లోపు చేసింది పాపం కాదని కట్టడి చేశాడు. ఎన్నేళ్ళో విదురుడి పుట్టుక కథగానే చెప్పాను దీన్ని. ఆ కట్టడి దగ్గర ఒక్కసారీ ఆగలేదు.

ఈ కథ చెబితే, అది ఈ జన్మ సంగతి, పూర్వజన్మది వేరు అంది ఆడపడుచు. కావచ్చు. మా ఆయన పోయినప్పుడు నా కర్మ అనుకునే ఓర్చుకున్నాను. అది నాకు నేను చెప్పుకున్న మాట. పచ్చి బాలింత మీదికి ఆ మాట విసిరితే, శాస్త్రమే అయినా నేనొప్పుకోను.

అమ్మాయికి ఇప్పుడు మళ్ళీ నాలుగో నెల. ఇలా మళ్ళీ వచ్చే ముప్పు నూటికి 15, 20 దాకా ఉంటుందట. దాన్ని సుమారు సగానికి తగ్గిస్తుందని రోజూ హైడ్రాక్సీక్లోరోక్విన్ వేసుకుంటోంది. నిన్న పెద్దది గౌను పైకెత్తి, తన ఉబ్బు మీద వేలు పెట్టి నన్నడిగింది: "అమ్మమ్మా, చెల్లికి కూడా ఇది పెడతారా?"