పేరునకు లింగమున్నదా?

మరమగ్గముల నాశ్రయించి తెలంగాణమునుండి సూరతునకు వలసవచ్చిన నేతకుటుంబములలో ఒకటి డిండోలిలో కాపురముండి, కుమారునకు కిరణ్ అని పేరిడినదనుకొందము. హిందీ మాటాడు ఇరుగుపొరుగులకు అది ఆడపేరుగా తోచవచ్చును. సంస్కృతమున పుంలింగమైన కిరణశబ్దము హిందీలో స్త్రీలింగమైనది, గుజరాతీలో నపుంసకము. భారత పోలీసు సర్వీసున 1972లో చేరిన తొలి మహిళ కిరణ్ బేడీ. 2010లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రియైనవారు కిరణ్‌కుమార్ రెడ్డి. హిందీ కథలో ఈ పేరు తగిలినపుడు క్రియను చూచిగాని నేను ముందునకు సాగలేను. గుజరాతీలు 'భాయ్', 'బెన్' చేర్చి చిక్కు తీర్తురు. మన లక్ష్మయ్యయు అట్టివాడే గదా! మగపేరు పెట్టుకొన్న ఆడపిల్లను చూచి మురియుదుము. ఆడపేరు తగిలిన మగపిల్లవానిని చూచి నవ్వుదుము. బడిలో హాజరు పిలుపునకు ఆ బాలుడు తల దించుకొనుటకు, స్త్రీనామముపై మనకుగల చిన్నచూపు తప్ప వేరే హేతువేమి?