మూగజీవి ఋణము

గుఱ్ఱమును పోషించువాడు గడ్డికి, ఉలవలకు, లాడములకు లెక్క వ్రాసికొనును. దంతవైద్యమునకు మాత్రము అతని లెక్కలో పద్దు ఉండదు. నోటిలోని బాధ పైకి కనబడదు, గుఱ్ఱము చెప్పుకొనజాలదు. అట్టి బాధను తీర్చుటకు ధనము వెచ్చించుట దానమా, లేక తీర్చవలసిన ఋణమా?

గుఱ్ఱపు దవడపండ్లు ఏటేట 2, 3 మిల్లీమీటర్లు పైకి వచ్చుచు, నమలుటచే అరుగుచుండును. పైదవడ క్రిందిదవడ కంటె వెడల్పు. అందువలన పైపండ్ల వెలుపలి అంచులు, క్రిందిపండ్ల లోపలి అంచులు సరిగా అరగక వాడియై బుగ్గలను, నాలుకను కోయును. దినమంతయు పచ్చిక మేయుటకు బదులు గింజలు తిని కట్టుకొయ్య వద్ద నిలుచు గుఱ్ఱమునకు ఈ బాధ అధికము. అది సగము నమలిన గడ్డిని ముద్దలుగా జారవిడుచును. గింజలు లద్దిలో అట్లే వచ్చును. కళ్లెము లాగినంతనే తల విసరును. యజమాని దానిని పొగరని తలచి కొరడా ఎత్తును. వైద్యుడు ఏటికొకసారి నోరు పరీక్షించి, ఆకురాయితో ఆ అంచులను నునుపు చేసిన బాధ తొలగును. ఉపేక్షించినచో గొంతున మేత అడ్డుపడుట, కడుపునొప్పి వంటి ఉపద్రవములు కలుగవచ్చును. అప్పటి వ్యయము అనేక రెట్లు.

వైద్యుని రుసుము, మత్తుమందు, ఆనాడు పోవు కూలి—ఇవన్నియు బండి తోలి బ్రతుకువానికి భారమే. అతనిని నిందించుట సులభము. అయితే ఋణము అతనిదేనా? మొదటి ప్రపంచయుద్ధానంతరము బ్రిటిషు సైన్యము తన గుఱ్ఱములను వేలకొలదిగా ఈజిప్టులో అమ్మివేసినది. 1930లో కైరో చేరిన డొరొతీ బ్రూక్ అను ఆంగ్ల వనిత, అవి ముదిమిలో కృశించి బరువులు లాగుచుండుట చూచినది. 1931లో ఆమె తన దేశపు పత్రికకు లేఖ వ్రాయగా విరాళములు వచ్చినవి. వానితో సుమారు 5,000 గుఱ్ఱములను కొనినది. పెక్కింటికి బాధలేని మరణమే ఆమె ఇయ్యగలిగిన విముక్తి. అంతటితో ఆగక, 1934లో పేదల పనిగుఱ్ఱములకు, గాడిదలకు కైరోలో ఉచిత వైద్యశాల స్థాపించినది. యజమానులను దూషించక, వారి భారమును పంచుకొనుటయే ఆమె ఎన్నుకొనిన మార్గము.

జంతువును పోషించువాడు దానికి అనవసరమైన బాధ కలుగకుండ చూడవలెనని మన దేశపు 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము విధించుచున్నది. అయినను చట్టము వ్యయమును భరింపదు. గుఱ్ఱమును కొనువాడు వెలతోపాటు వైద్యమును కూడ లెక్కించి, శక్తి లేనిచో కొనకుండుట మేలు. బ్రతుకుతెరువునకై కొనక తప్పనివానికి, ఆ బండి ఎక్కినవారు, దానిపై సరకు పంపినవారు తోడ్పడవలెను. ఏలయన ఆ గుఱ్ఱపు బలమును వారును అనుభవించిరి. సేవ పొందిన పిదప చెల్లించునది దానము కాదు, కూలి. అడుగజాలని జీవికి అడుగకయే చెల్లించుట ధర్మము.