మన పాట గురించి మాట్లాడే ముందు

సదస్సుల్లో మాట్లాడమని మన పిల్లలకు పిలుపులు వస్తున్నాయి. సంతోషమే. ఒకప్పుడు ఆదివాసీ సాహిత్యం మీద సభ అంటే మనవాళ్లు మొదట డోలు కొట్టి కిందికి దిగేవాళ్లు, పైన మాట్లాడేవాళ్లు వేరే ఉండేవాళ్లు. ఇప్పుడు మైకు మన చేతికి వచ్చింది. దానితో పాటు ఒక ప్రశ్న కూడా వచ్చింది. ఊరి పాటను సభలో పత్రంగా చదవడానికి, పుస్తకంగా అచ్చు వేయడానికి, ఫోనులో తీసి నెట్‌లో పెట్టడానికి మనకు అనుమతి ఇచ్చింది ఎవరు?

"మా పాటే కదా" అనేది తొందరపాటు జవాబు. గోండుల వంశగాథలనే చూడండి. వాటిని పాడేది పర్ధాన్లు. కిక్రి వాయిస్తూ తరతరాలుగా తమను ఆదరించే గోండు కుటుంబాలకు పాడతారు, కానుకలు అందుకుంటారు. కథ గోండులది, పాడే హక్కు పర్ధానులది, పాడే సమయం పేన్‌ల పూజది. ఒక్క పాటకు ఇంతమంది వారసులుంటే, గోండు ఇంట పుట్టి ఎంఏ చదివినంత మాత్రాన అది నా ఒక్కడి సొత్తు ఎట్లా అవుతుంది?

చట్టాన్ని అడిగినా ఇక్కడ దారి దొరకదు. 1957 నాటి కాపీరైట్ చట్టం లెక్కలో ధ్వనిముద్రణకు కర్త దాన్ని తీయించిన నిర్మాత. పాడిన మనిషికి 1994 సవరణతో కళాకారుల హక్కు కొంత దక్కింది. పాటను ఇన్ని తరాలు మోసుకొచ్చిన గూడేనికి ఆ లెక్కలో చోటు లేదు. అంటే చట్టం దాటకుండానే మనం తప్పు చేయవచ్చు.

సమయం సంగతి ఇంకా కష్టం. దండారి దీపావళి రోజులది. గుస్సాడీ వేషం కట్టినవాళ్లు ఆ దీక్ష ఉన్నన్నాళ్లూ స్నానం చేయరు. నెట్‌లోని వీడియోకు ఋతువూ లేదు, దీక్షా లేదు. చూసేవాడు ఒక నిమిషం చూసి, వేలితో పైకి తోసేసి, సినిమా పాటకు వెళ్లిపోతాడు.

అయితే దాచుకుంటే నిలుస్తుందా? అదీ అబద్ధమే. గుస్సాడీని బయటి వేదికలకు చేర్చిన మర్లవాయి కనకరాజు గారికి 2021లో, సమ్మక్క సారలమ్మ కథను డోలి మీద పాడిన సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. ఇద్దరూ 2024లో వెళ్లిపోయారు. వాళ్ల దగ్గర ఎవరూ నేర్చుకోనిది ఏదైనా ఉంటే అదీ వాళ్లతోనే పోయింది. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో పెద్దలు రాతప్రతులు భద్రంగా ఉంచారు, వాటిని చదివి చూపించారు. అందువల్లనే ఆ లిపి 2018లో యూనికోడ్‌లో చేరి, కంప్యూటరుకు తెలిసిన లిపి అయింది. బయటపెట్టడం వల్ల మేలు జరిగింది. కానీ అక్కడ చదివి చెప్పింది ఆ ఊరివాళ్లే, మరిచిపోవద్దు.

నా మటుకు నాకు "సేకరణ" అనే మాటే రుచించదు. ఇప్పపువ్వు సేకరిస్తాం, జిగురు సేకరిస్తాం. పాటను నేర్చుకుంటాం. సభలో చదవబోయే పత్రాన్ని ముందు గూడెంలో, మన భాషలో, పాడినవాళ్ల ఎదుట వినిపించాలి. అక్కడ ఒక అవ్వ "అట్ల కాదు బిడ్డా" అంటే ఆ ముక్క మార్చాలి. పాడినవారు సరేనంటే వాళ్ల పేరు పత్రం పైనే ఉండాలి. "ఒక వృద్ధురాలు చెప్పింది" అని రాయడం మర్యాద కాదు.

మరి ఆ పాట తెలిసిన చివరి మనిషే "బయట చెప్పొద్దు" అంటే? చాలామంది ఇక్కడ రహస్యంగా ఫోను ఆన్ చేస్తారు, జాతి కోసమే అనుకుంటారు. నేను ఒప్పుకోను. ఆ మనిషి చెప్పొద్దన్నది బయటివాళ్లకు. నేర్పమని అడిగితే కూర్చోబెట్టుకుని నేర్పవచ్చు. దానికి రెండు వానాకాలాలు పట్టవచ్చు, ఈలోగా సదస్సు తేదీ దాటిపోతుంది. దాటనివ్వండి. పత్రంలో ఆ చోటు ఖాళీగా వదిలి, "ఇక్కడిది చెప్పడానికి నాకు అనుమతి లేదు" అని రాయండి. పండితులు అడుగుతారు, ఒకరిద్దరు నవ్వుతారు కూడా.

టీచర్లకు ఒక మాట. సెలవులకు "మీ ఊరి పాటలు పది రాసుకు రండి" అని పిల్లలకు ప్రాజెక్టు ఇస్తున్నారు. పది వద్దు, ఒకటి చాలు. దాన్ని ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఎక్కడ పాడొచ్చని వాళ్లు చెప్పారో కూడా రాసుకు రమ్మనండి.