పాత మేడలో బస, నాలుగో ఋణం

పుదుచ్చేరి వైట్ టౌన్‌లో ఫ్రెంచివారి నాటి ఇళ్ళు కొన్ని ఇప్పుడు హోటళ్ళయ్యాయి. ఎత్తయిన కప్పు, కమాను తలుపులు, ముంగిలి చుట్టూ స్తంభాల వరండా: ఆ అందాన్ని కాదనలేం. కానీ 1954 దాకా అదే పాలన కింద ఉన్న యానాం నుంచి ఆ గదుల్ని చూస్తే ఒక ప్రశ్న వదలదు. అక్కడ ఒక రాత్రి హాయిగా నిద్రపోయినవాడు ఎవరికైనా ఋణపడతాడా? పడతాడనే నా నమ్మకం. 1761లో ఇంగ్లీషువారు పుదుచ్చేరిని నేలమట్టం చేశారు. నేటి పాత మేడలు చాలావరకు ఆ తర్వాత లేచినవే. ఆ కాలంలోనే యానాం తీరాన మనుషుల్ని బానిసలుగా కొని ఓడలెక్కించారు. 1828లో రీయూనియన్ చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా వెళ్ళిన తొలి భారతీయుల్లో ఈ రేవున ఓడెక్కిన తెలుగువాళ్ళున్నారు. మేడలూ ఓడలూ ఒకే దొరతనం నీడలోవి.

అద్దె కట్టాక ఇంకా ఋణమేమిటని అడగవచ్చు. మంచి ప్రశ్నే. కానీ ఆ అద్దె దేనికి? పడకకు, నీళ్ళకు, నేటి పనివాళ్ళ సేవకు. కొత్త లాడ్జీలోనూ అవన్నీ దొరుకుతాయి. ఇక్కడ అదనంగా చెల్లించేది పాతదనానికి. దాన్ని నేటి యజమాని తయారుచేయలేదు. సున్నం నూరినవాళ్ళు, దూలాలు మోసినవాళ్ళు, రాత్రంతా పంకా లాగినవాళ్ళు దాని వెనక ఉన్నారు. వాళ్ళకు ముట్టినట్టు రసీదు ఏ కౌంటర్లోనూ లేదు. మనిషి మూడు ఋణాలతో పుడతాడని మనం తరచూ చెప్పుకుంటాం. శతపథ బ్రాహ్మణం నాలుగోది కూడా చెప్పింది, మనుష్య ఋణం. దాన్ని తీర్చే దారిగా చూపినది బస ఇవ్వడం, అన్నం పెట్టడం. యానాంకు ఎంతో దూరం లేని లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ దారిన పోయేవాళ్ళకు జీవితాంతం చేసింది అదే. ఆతిథ్యమే ఋణం తీర్చుకోవడమైనప్పుడు, దాన్ని కొనుక్కున్నంతమాత్రాన అతిథి బాకీ ఎలా చెల్లిపోతుంది?

ఎవరి కర్మ వారిదే కదా, దొరల పాపం నేటి ప్రయాణికుడికి ఎందుకు అంటుకోవాలన్నది ఇంతకన్నా బలమైన ఆక్షేపణ. పాపం అంటదు, నిజమే. అయితే ఋణం, పాపం ఒకటి కావు. పితృఋణం మనం చేసిన తప్పువల్ల వచ్చింది కాదు; ఇతరుల శ్రమఫలం మన చేతికందడంవల్ల వచ్చింది. అలాగైతే పాత కట్టడం దేన్నీ ముట్టుకోకూడదా? అలా అనడం లేదు. కూల్చేస్తే ఆ కూలివాళ్ళ చేతిపని కూడా పోతుంది, అది రెండో అన్యాయం. నేను కోరేది నిజం చెప్పమని. అతిథికి గవర్నర్ల కథలతోపాటు పంకా లాగినవాళ్ళ కథా వినిపించాలి, అతిథి కూడా అడిగి తెలుసుకోవాలి. యానాంలో మిగిలిన పాత ఇళ్ళలో దేన్నయినా రేపు బసగా మార్చదలిస్తే, గోడకు ఓడల బొమ్మలు తగిలించే ముందు ఆ ఓడలెక్కినవాళ్ళ పేర్లు దొరికినన్ని రాయించాలి. దొరకని పేర్లకు కూడా చోటు ఖాళీగా ఉంచాలి.