సేవ చేసేది నేనేనా?



సుందరకాండ మీద మొన్న పెట్టిన వీడియోలో ఒక మాట వదిలేశాను. టైమ్ సరిపోలేదు అనుకోకండి. చెప్పడానికి సిగ్గేసింది, అంతే. ఇక్కడ రాస్తున్నాను.

కొన్నేళ్ల క్రితం మేం అయిదుగురు స్నేహితులం హైదరాబాద్‌లో ఒక పెద్దాసుపత్రి బయట ప్రతి ఆదివారం పేషెంట్ల బంధువులకి భోజనం పంచేవాళ్లం. పులిహోర, పెరుగన్నం, ఒక వాటర్ ప్యాకెట్. చందాలు, బియ్యం లెక్క, ఆటో మాట్లాడటం, వాట్సాప్ గ్రూపు అన్నీ నేనే చూసేవాణ్ణి. ఎవరైనా "ఈ వారం నేను చూసుకుంటాలేరా" అంటే నాకు నచ్చేది కాదు. నేను లేకపోతే ఈ పని ఆగిపోతుందని గట్టి నమ్మకం.

ఒక ఆదివారం మాలో ఇద్దరు రాలేదు. జనం మాత్రం మామూలుకంటే బాగా ఎక్కువ. ప్యాకెట్లు తరిగిపోతున్నాయి, నాకు చెమటలు పడుతున్నాయి. ఒక పెద్దాయన తన ప్యాకెట్ తీసుకుని, "బాబూ, లోపల మా అమ్మాయి ఉంది, ఇంకోటి ఇస్తావా?" అన్నాడు. "ఒకరికి ఒకటే అని చెప్తున్నాగా, వినపడదా?" అని అందరి ముందూ అరిచేశాను. ఆయన ఏమీ అనలేదు. చేతిలో ఉన్న ప్యాకెట్ కూడా బల్ల మీద పెట్టేసి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు "ఇక నా వల్ల కాదు" అని గ్రూపులోంచి బయటికొచ్చేశాను.

తర్వాత ఊరెళ్లినప్పుడు మా అమ్మమ్మ సుందరకాండ చదివి వినిపించమంది. ఆవిడకి చూపు ఆనడం లేదు. చదువుతూ చదువుతూ పదమూడో సర్గ దగ్గర ఆగిపోయాను.

అప్పటికి హనుమంతుడు నూరు యోజనాల సముద్రం దాటేశాడు. రావణుడి అంతఃపురం, పుష్పక విమానం, పానశాల అన్నీ వెతికేశాడు. మండోదరిని చూసి సీతమ్మే అనుకుని గంతులేసి, కాదని తెలుసుకున్నాడు. ఎక్కడా అమ్మ జాడ లేదు. ఉత్తచేతులతో వెనక్కి వెళితే రాముడు బతకడు, ఆయన వెనకే లక్ష్మణుడు, భరతుడు, సుగ్రీవుడు... అంతా తన వల్లే నాశనమైపోతుందని కుమిలిపోయాడు. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన కూడా వచ్చింది. నేను చదవడం ఆపితే అమ్మమ్మ అంది: "ఆంజనేయస్వామికే అలా అనిపించిందిరా నాన్నా. మనమెంత?"

అక్కడి నుంచి స్వామి ఎలా లేచాడో చూడండి. బతికుంటేనే మేలు జరుగుతుందని మనసుకి చెప్పుకున్నాడు. ఇంకా వెతకని అశోకవనం కంటపడింది. అయినా వెంటనే దూకెయ్యలేదు. ముందు రాముడికి, లక్ష్మణుడికి, సీతమ్మకి, రుద్రుడికి, ఇంద్రుడికి, ఇంకా ఎందరో దేవతలకి నమస్కరించాడు. వాళ్లు తనకి కార్యసిద్ధి ఇవ్వాలని వేడుకున్నాడు. ఆ తర్వాతే కదిలాడు. సీతమ్మ కనిపించింది ఆ వనంలోనే.

ఒక్కటి గమనించండి. ఆయన వెతకడం మానెయ్యలేదు. "దేవుడే చూసుకుంటాడు" అని గోడ మీద కూర్చోలేదు. కాళ్లు అవే, చేతులు అవే, చేసే పనీ అదే. దించుకున్నది ఒక్కటే, "అంతా నా మీదే ఉంది" అన్న బరువు. తర్వాత సీతమ్మతో మాట్లాడుతూ, సుగ్రీవుడి దగ్గర తనకంటే తక్కువవాళ్లు ఎవరూ లేరని చెప్పాడు! సముద్రం దాటొచ్చినవాడి మాట అది.

భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయంలో కృష్ణుడు ఏ పనికైనా అయిదు కారణాలు చెప్తాడు. శరీరం, కర్త, ఇంద్రియాలు, రకరకాల ప్రయత్నాలు, అయిదోది దైవం. అయిదింట్లో కర్త ఒకడు మాత్రమే. అన్నీ నేనే చేస్తున్నాననుకునేవాడు సరిగ్గా చూడటం లేదంటాడు. నేను ఆ ఒకటిని పట్టుకుని మిగతా నాలుగూ మర్చిపోయాను. దైవాన్ని మరీనూ. పనికి ముందు కొబ్బరికాయ కొట్టాను గానీ, పని మాత్రం ఆయనకి అప్పగించలేదు.

సేవలో మనం ఎవరి మీద ఆనుకున్నామో ఎలా తెలుస్తుంది? నాకు తెలిసిన గుర్తు కోపం. తోటివాళ్ల మీద చిరాకు, సాయం అడిగినవాళ్ల మీద విసుగు, "నేనింత చేస్తుంటే" అన్న మాట. అవి వచ్చాయంటే, అయిదో కారణాన్ని మర్చిపోయి అంతా నెత్తిన పెట్టుకున్నామని అర్థం.

హైదరాబాద్ తిరిగొచ్చాక ఒక ఆదివారం మళ్లీ వెళ్లాను. నేను లేకపోతే ఆగిపోతుందనుకున్న పని ఆగలేదండీ. లెక్కలు ఒకడు, ఆటో ఒకడు చూసుకుంటున్నారు. నన్ను చూసి ఎవరూ ఏమీ అడగలేదు. ఒకడు గరిట చేతికిచ్చాడు, అంతే. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఇప్పుడు మొదటి ప్యాకెట్ ఇచ్చే ముందు చేతులు జోడించి ఒక్క మాట అనుకుంటాను: "స్వామీ, పని నీది, చేతులు నావి." ఇప్పటికీ కొన్నిసార్లు అన్నం చాలదు. అద్భుతాలేమీ జరగవు. "అయిపోయిందండీ, క్షమించండి" అని దణ్ణం పెట్టి చెప్పడం మాత్రం వచ్చింది.

ఆ పెద్దాయన మళ్లీ కనపడలేదు. ఎవరైనా రెండో ప్యాకెట్ అడిగితే ఆయన గుర్తొస్తాడు. ఉంటే ఇస్తాను.

మీరు కూడా ఎక్కడో సేవ చేస్తూ అలిసిపోయి, ఇక మానేద్దాం అనుకుంటున్నారేమో. మానెయ్యకండి. ఒక్క నిమిషం ఆగి నమస్కారం పెట్టుకుని, మళ్లీ మొదలుపెట్టండి. మీరు వెతకని అశోకవనం ఇంకా ఉండే ఉంటుంది.

సర్వం శ్రీరామార్పణమస్తు.