నోరు విప్పనివాడు దోషేనా?

ఈ దేశంలో ఏ నాయకుడిపై విచారణ జరిగినా, అతని పక్షంవారు "ఇది స్టార్ ఛాంబర్" అని గోలపెడతారు. ఆ మాటకు అర్థమేమిటని మా మనవడు అడిగాడు.

లండన్‌లో వెస్ట్‌మినిస్టర్ రాజభవనంలో, పైకప్పుకు నక్షత్రాలు చిత్రించిన గది ఒకటుండేది. రాజుగారి మంత్రులు, న్యాయమూర్తులు అక్కడ కూర్చుని తీర్పు చెప్పేవారు. జ్యూరీ లేదు. చిత్రమేమిటంటే మొదట్లో ఆ కోర్టుకు మంచి పేరే ఉండేది. జ్యూరీలను బెదిరించగల పెద్ద ప్రభువులను సైతం అక్కడ నిలదీసేవారు. ఆ అధికారమే తర్వాత మొదటి ఛార్లెస్‌కు ఆయుధమైంది.

1637లో జాన్ లిల్బర్న్ అనే యువకుణ్ణి, అనుమతి లేని పుస్తకాలు హాలండ్ నుంచి తెప్పించాడని పట్టుకున్నారు. ఏమడుగుతారో చెప్పకుండానే, అన్నిటికీ నిజమే చెబుతానని ముందు ప్రమాణం చెయ్యమన్నారు. చెయ్యనన్నాడు. 1638లో బండి వెనక కట్టి వీధివెంట కొరడాలతో కొట్టించారు. 1641లో పార్లమెంటు ఆ కోర్టును రద్దుచేసింది. తనమీద తానే సాక్ష్యం చెప్పనక్కరలేదన్న హక్కు 1791లో అమెరికా రాజ్యాంగపు ఐదో సవరణగా వచ్చింది.

అయినా 1947లో ప్రతినిధుల సభ కమిటీ సినిమావాళ్ళను పిలిచి "నువ్వు కమ్యూనిస్టువా?" అని అడిగింది. చెప్పమన్న పదిమంది జైలుకు వెళ్ళారు. 1956లో నాటక రచయిత ఆర్థర్ మిల్లర్ తన సంగతి చెప్పాడు గాని, ఇతరుల పేర్లు చెప్పలేదు. పడిన శిక్షను 1958లో పైకోర్టు కొట్టేసింది. ఐదో సవరణ చెప్పుకున్నవాళ్ళలో చాలామందికి జైలు తప్పింది, ఉద్యోగం పోయింది.

పౌరసత్వం దరఖాస్తులో నాకూ ఆ ప్రశ్న ఎదురైంది. కమ్యూనిస్టు పార్టీలో ఎప్పుడైనా సభ్యుడివా, ఏవిధమైన సంబంధమైనా ఉందా అని. మా పెదనాన్నగారు పార్టీ మనిషి. చిన్నప్పుడు ఆయన సైకిల్ వెనక కూర్చుని సభలకు వెళ్ళేవాణ్ణి. అదీ సంబంధమేనా? "లేదు" అని రాసి సంతకం పెట్టాను. ఆయన పేరు రాయమంటే ఏం చేసేవాణ్ణో ఇప్పటికీ తెలియదు.

అలాంటి నేనే 1973లో వాటర్‌గేట్ విచారణ టీవీలో సరదాగా చూశాను. అక్కడ అడిగింది నమ్మకాలను గురించి కాదు, దొంగతనం, డబ్బు గురించి. ఆ తేడా చిన్నది కాదు. కాని నిక్సన్ సలహాదారు కోల్సన్ ఐదో సవరణ చెప్పుకుని నోరు విప్పలేదని చదవగానే, "దొంగ కాకపోతే చెప్పడానికేం?" అన్నాను. లిల్బర్న్ గుర్తుకు రాలేదు.

ఇదంతా చెబితే మనవడు, "ఆయన నిజంగా తప్పు చేశాడు కదా, తాతయ్యా?" అన్నాడు. చేశాడు, 1974లో ఒప్పుకున్నాడు కూడా. కాని నేనామాట అన్నరోజు నాకది తెలియదు కదరా అన్నాను. వాడికి ఆ జవాబు నచ్చలేదు.