తిరుగు టికెట్టు

జావా ద్వీపాన్ని రోడ్డు మీద ఒక కొస నుంచి ఇంకో కొసకి దాటించే టూర్లు చాలా ఉన్నాయి. పేర్లు వేరు, దారి దాదాపు ఒకటే. యోగ్యకర్తాలో మొదలు. మెరాపి పాదాల దగ్గర జీపులో తిప్పుతారు. అక్కణ్ణుంచి తూర్పుకి ఒక రోజంతా ప్రయాణం. తెల్లవారుజామున బ్రోమో దగ్గర సూర్యోదయం. తర్వాత ఈజెన్: అర్ధరాత్రి నిద్రలేపి కొండ ఎక్కించి, బిలం లోపల మండే నీలం మంట చూపిస్తారు. చివరికి బన్యువంగి పక్కన కెతాపాంగ్ రేవులో ఫెర్రీ ఎక్కి, జలసంధి దాటి బాలిలో దిగడం. ఐదారు రోజుల్లో మూడు అగ్నిపర్వతాలు. మా ఆఫీసు వాళ్లం ఆరుగురం రెండేళ్ల కిందట ఈ దారిలో వెళ్లాం. బుక్ చేసినప్పుడు వచ్చిన కాయితంలో దీన్ని సాహసయాత్ర అన్నారు. నాకు పట్టుకున్నది ఆ మాటే. ఎవరి సాహసం? ఒక మనిషి రోజూ చేసే పని ఇంకో మనిషికి సాహసం ఎలా అవుతుంది? అలా అయినప్పుడు చూసేవాడు చేసేవాడికి ఏమైనా బాకీ పడతాడా?

మనకి ఈ మాట వినగానే పాతాళభైరవి గుర్తొస్తుంది. కష్టపడితే చివర్లో ఒక రాజకుమారి ఉంటుంది. కానీ ధర్మశాస్త్రాల్లో సాహసం ఒక నేరం. మనుస్మృతి వివాదాలని పద్దెనిమిది రకాలుగా విడదీస్తే, బలప్రయోగంతో చేసే దౌర్జన్యానికి అందులో ఉన్న పేరు సాహసం. అంటే ఒకప్పుడు ఆ మాట వినగానే దెబ్బ తిన్నవాడెవడో ఒకడు గుర్తొచ్చేవాడు. ఇప్పుడు ఆ రెండోవాడు మాటలోంచి మాయమైపోయాడు. మిగిలింది మనమూ, మన ఫొటోలూ.

ఈజెన్‌లో ఆ రెండోవాడు కళ్లముందే కనిపిస్తాడు. పాల్తుదింగ్ అనే చోటినుంచి మూడు కిలోమీటర్లు ఎక్కితే బిలం అంచు. అక్కణ్ణుంచి రాళ్ల మీద కిందికి దిగితే గంధకం వాయువులు బయటికొచ్చే చోటు. ఆ వాయువులు గాలి తగిలి మండుతాయి, చీకట్లో అదే నీలం మంట. పక్కన పచ్చటి సరస్సు, చూడ్డానికి ఏ రంగుల డబ్బాలోనో ముంచి తీసినట్టుంటుంది గానీ అదంతా ఘాటైన ఆమ్లం. వాయువుల్ని గొట్టాల్లోంచి మళ్లిస్తే, చల్లబడి ఎర్రటి ద్రవంగా కారి, గడ్డకట్టి పసుపు పచ్చగా మారుతుంది. దాన్ని గునపాలతో పగలగొట్టి, వెదురుబద్దకి రెండువైపులా బుట్టల్లో వేసుకుని పైకి మోస్తారు. మనం కావిడి అంటాం చూడండి, అచ్చం అదే. ఒక్కో కావిడి డెబ్భై నుంచి తొంభై కిలోలు. మోసేవాడి బరువు అంతకంటే తక్కువుండొచ్చు. మాకు గైడు గ్యాస్ మాస్కులు అద్దెకిచ్చాడు. వాళ్లలో చాలామందికి నోటికి అడ్డంగా ఉన్నది తడిగుడ్డ. ఆ గంధకం చక్కెరని తెల్లగా చేయడానికీ, రబ్బరు గట్టిపరచడానికీ, సౌందర్య సాధనాల్లోకీ వెళ్తుంది.

కొండ ఎక్కలేని పర్యాటకుల కోసం అక్కడ తోపుడుబళ్లు ఉన్నాయి. ముందొకరు తాడు పట్టి లాగుతారు, వెనక ఒకరిద్దరు నెడతారు. వాటికి సరదాగా లంబోర్గిని అని పేరు. లాగేవాళ్లలో ఒకప్పుడు గంధకం మోసినవాళ్లున్నారు. నాకు వెంటనే ఏనుగుల వీరాస్వామయ్య గుర్తొచ్చారు. 1830 మేలో మద్రాసులో బయల్దేరి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చిన ఆయన కాశీయాత్ర, తెలుగులో యాత్రాచరిత్రలన్నిటికీ పెద్దన్నలాంటిది. ఆ యాత్ర పల్లకీలో సాగింది. దాన్ని మోసిన బోయీలు కూడా కాశీ వెళ్లారు. వాళ్ల కాశీయాత్ర చరిత్ర మనకి లేదు. ఇందుకు వీరాస్వామయ్య గారిని తప్పు పట్టాలని కాదు. యాత్ర అనేది అప్పట్నుంచీ ఇద్దరు చేసే పనీ, ఒకరు రాసే పుస్తకమూ అని గుర్తుంచుకోవాలని.

భయంకరమైనదాన్ని చూస్తే మనకెందుకు బావుంటుందన్న ప్రశ్న పాతదే. క్రీస్తుకి ముందే లుక్రీషియస్ అన్న రోమన్ కవి, తుఫానులో కొట్టుకుంటున్న ఓడని ఒడ్డునుంచి చూసేవాడి గురించి రాశాడు. వాళ్ల బాధ మనకి ఆనందం కాదట, ఆ బాధ మనకి లేకపోవడం ఆనందమట. 1790లో కాంట్ అగ్నిపర్వతాలనే ఉదాహరణగా తీసుకుని ఇంకో మెట్టు ముందుకెళ్లాడు. మనం క్షేమంగా ఉన్నంతవరకే వాటి భీకరత్వం మనల్ని ఆకర్షిస్తుంది, అప్పుడే మనలో ప్రకృతికంటే పెద్దదేదో ఉందని తెలుస్తుంది అన్నాడు. ఇద్దరి లెక్కలోనూ ఒడ్డు ఉంది. ఒడ్డు లేకపోతే ఆ అనుభవమే లేదు.

మా పిన్నికి కాంట్ తెలీదు. సఖినేటిపల్లి నుంచి కువైట్ వెళ్లి పదకొండేళ్లు ఇళ్లల్లో పనిచేసి వచ్చింది. రాజోలు చుట్టుపక్కల ఇది కొత్త కథేం కాదు, మా వీధిలోనే నలుగురైదుగురు ఆడవాళ్లు గల్ఫ్ వెళ్లొచ్చారు. నేను జావా ఫొటోలు చూపిస్తుంటే కావిడివాళ్ల దగ్గర ఆపమంది.

"ఒరేయ్, మంట చూడ్డానికి డబ్బులిచ్చి వెళ్లావా?"

"అవును పిన్నీ."

"మళ్లీ వచ్చే టికెట్టు ముందే కొనుక్కునుంటావు."

"రెండూ ఒకేసారి కొంటారు."

"నేను వెళ్లినప్పుడు ఒకటే ఉండేది. పాస్‌పోర్టు కూడా వాళ్ల దగ్గరే ఉండేది."

అంతే అంది. నేను చదివినవాటికంటే ఇదే సూటిగా అనిపించింది. ప్రమాదంతో పాటు తిరుగు టికెట్టు ఉంటే దాన్ని సాహసం అంటాం. టికెట్టు లేకపోతే దాని పేరు బతుకు. మంట అదే, పొగ అదే, కొండ అదే. వద్దనుకుంటే వెళ్లిపోగలగడం ఒక్కటే తేడా.

ఈ తేడాని మా కోనసీమ అవతలి వైపునుంచి కూడా చూసింది. 1995 జనవరిలో పాశర్లపూడిలో సహజవాయువు కోసం తవ్వుతున్న బావి పేలి అంటుకుంది. 65 రోజులు మండింది. ఆర్పడానికి అమెరికా నుంచి నిపుణులు వచ్చారు. చుట్టుపక్కల జనాన్ని ఇళ్లు ఖాళీ చేయించారు. నాకప్పుడు ఐదేళ్లు. రాత్రిపూట తూర్పున ఎర్రగా కనిపించిన ఆకాశం గుర్తుంది, అది నిజంగా నేను చూసిందో ఇంట్లో వాళ్లు చెప్పగా చెప్పగా చూసినట్టయిందో విడదీయలేను. దూరం ఊళ్లనుంచి జనం ఆ మంట చూడ్డానికి వచ్చేవాళ్లని మాత్రం మా మావయ్య ఎప్పుడూ చెప్తుండేవాడు. వాళ్లకది జీవితంలో ఒకసారి చూసే వింత. కొబ్బరిచెట్లు మాడిపోయినవాడికి అది ఆ యేటి దింపు. 2014 జూన్ 27న పక్కనే నగరంలో గ్యాస్ పైపులైను పేలి ఇరవైమందికి పైగా చనిపోయారు. తెల్లవారుజామున ఇళ్లల్లో ఉన్నవాళ్లు. వాళ్లని ఎవరూ సాహసికులు అనలేదు.

అసలు అగ్నిపర్వతం ఎక్కడో ఇండోనేషియా వాళ్ల సొత్తు అనుకుంటాం గానీ, మన కాళ్లకిందా లావా ఉంది. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందటి దక్కను లావా పొరలు రాజమహేంద్రవరం దగ్గర కాతేరులో పైకే కనిపిస్తాయి. చమురు కోసం కోనసీమలో లోతుగా తవ్వినప్పుడు బయటపడ్డ అదే లావాకి భూగర్భ శాస్త్రజ్ఞులు రాజోలు పేరే పెట్టుకున్నారు. సుమత్రాలో తోబా అగ్నిపర్వతం సుమారు 74 వేల ఏళ్ల కిందట పేలినప్పుడు ఎగిరిన బూడిద, బనగానపల్లె వైపు జ్వాలాపురంలో పొరగా దొరికింది. భూమికి చూసేవాడూ పడేవాడూ అన్న తేడా లేదు. ఆ తేడా మనం పెట్టుకున్నది.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయకూడదు. పర్యాటకులు వెళ్లడం మానేస్తే కావిడివాళ్లకి ఒరిగేదేమిటి? మా గైడు కూడా ఒకప్పుడు గంధకం మోసినవాడే. ఇప్పుడు టార్చిలైటు పట్టుకుని మమ్మల్ని నడిపించినందుకు ఎక్కువ సంపాదిస్తున్నాడు, ఊపిరితిత్తులూ కొంత బాగుపడ్డాయన్నాడు. నేను ఇంట్లో కూర్చుని నైతికంగా బాధపడితే వాడి పిల్లల ఫీజు కట్టేదెవరు? పైగా ఆ బాధలో ఒక చులకన కూడా ఉంది. వాళ్లు ఆలోచించి ఎంచుకున్న పనిని, పాపం అని ఒక్క మాటతో కొట్టిపారేయడం.

ఈ అభ్యంతరం నిజమే. అందుకే వెళ్లడమా మానడమా అనే ప్రశ్న నాకు అసలు ప్రశ్నలా కనిపించదు. చూడ్డం కూడా తప్పు కాదు. సెబాస్టియో సాల్గాడో 1991లో ఇదే ఈజెన్ కార్మికుల్ని ఫొటోలు తీశాడు. తర్వాత మైకేల్ గ్లావోగర్ 2005లో తీసిన డాక్యుమెంటరీలో వాళ్ల పక్కనే పర్యాటకుల్ని కూడా చూపించాడు. సూసన్ సొంటాగ్ 2003లో సాల్గాడో మీద ఒక ఫిర్యాదు చేసింది: ఆయన ఫొటోల కింద మనుషుల పేర్లుండవు, పేరు లేకపోతే మనిషి తన వృత్తికో తన కష్టానికో నమూనాగా మిగిలిపోతాడని. మంచి విమర్శే. అయితే పేరు రాసేస్తే బాకీ తీరిపోతుందా? ఈ రోజుల్లో అందరూ పేరు అడుగుతారు, సెల్ఫీ దిగి ట్యాగ్ చేస్తారు. అయినా కావిడి బరువు తగ్గదు.

అదే దారిలో నేను చూసిన రెండు చోట్లు ఇంకోలా ఆలోచింపజేశాయి. 2010లో మెరాపి పేలి 350 మందికి పైగా చనిపోయారు. యోగ్యకర్తా సుల్తాను తరఫున ఆ పర్వతానికి కాపలాదారుగా ఉన్న మరిజాన్ అనే పెద్దాయన ఊరు వదలనని అక్కడే ప్రాణం విడిచాడు. ఆ బూడిదలో మిగిలిన ఒక ఇంటిని ఆ ఇంటివాళ్లే మ్యూజియం చేశారు. దాని పేరుకి అర్థం, మిగిలిన నా ఆస్తి అని. కరిగి ఆగిపోయిన గోడ గడియారం, పశువుల ఎముకలు, వంటగిన్నెలు. జీపులు అక్కడ ఆగుతాయి. అక్కడ మనం చూస్తున్నది వాళ్లు చూపించాలనుకున్నది. ఏది దాచాలో కూడా వాళ్లే నిర్ణయించుకున్నారు. బ్రోమోలో తెంగర్ హిందువులు ఏటా కసద పండగకి కూరగాయలూ, కోళ్లూ, డబ్బులూ బిలంలోకి విసురుతారు. కొంతమంది బిలం లోపలి వాలు మీద వలలు పట్టుకుని నిలబడి వాటిని పట్టుకుంటారు. దేవుడికిచ్చింది దేవుడి ఒడిలోంచే తీసుకోవడం. వాళ్లకి ఆ కొండ సాహసమూ కాదు, శాపమూ కాదు, ఊరు.

మళ్లీ మా ఊరికొస్తాను, ఎందుకంటే ఈ ప్రశ్న నాకు నిజంగా కుదిపింది అక్కడే. సఖినేటిపల్లికీ నరసాపురానికీ మధ్య వశిష్ట గోదావరి. దాటడానికి పంటు. బళ్లూ, కార్లూ, మనుషులూ, కొబ్బరికాయల బస్తాలూ అన్నీ దాని మీదే. గోదారి పోటు మీదున్నప్పుడు ఆపేస్తారు. అప్పుడు చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి వెళ్లాలి. రాత్రిపూట నొప్పులొచ్చిన మనిషికి ఆ చుట్టు ఎంత దూరమో మా ఊళ్లో ప్రతి ఇంటికీ తెలుసు. వంతెన కడతారన్న మాట నేను బళ్లో చదివే రోజులనుంచీ వింటున్నాను.

గత సంక్రాంతికి హైదరాబాదు స్నేహితులు వచ్చారు. దిండిలో హౌస్‌బోటు, అంతర్వేదిలో దర్శనం, అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర గోదారి సముద్రంలో కలవడం, అన్నీ చూశారు. సాయంత్రం పంటు మీద నిలబడి ఒకతను అన్నాడు: "ఇక్కడ బ్రిడ్జి మాత్రం రాకూడదు గురూ, ఈ ఫీల్ మొత్తం పోతుంది." చెడ్డవాడు కాదు, నది మీద ప్రేమతోనే అన్నాడు. పంటు నడిపే కుర్రాడు పక్కనే ఉన్నాడు. విన్నాడో లేదో.

చూసేవాడి బాకీ ఏమిటో ఆ మాటలో నాకు తేలింది. ఇంకొకరి ప్రమాదాన్ని చూసి ముచ్చటపడటం వరకూ ఫర్వాలేదు. అది అలాగే ఉండిపోవాలని కోరుకోవడం దగ్గర గీత దాటతాం. అందుకని నేనిప్పుడు ఏ అందమైన కష్టాన్ని చూసినా ఒకటే అడుగుతాను: రేపు ఇది లేకుండా పోతే నేను సంతోషిస్తానా? ఈజెన్ కొండ మీద ఒక్క కావిడీ కనపడని రోజొస్తే, నా తర్వాత వెళ్లేవాళ్లకి ఆ ఫొటో దొరక్కపోతే, మంచిదే అనగలనా? అనగలిగితే వెళ్లొచ్చు, చూడొచ్చు, డబ్బులివ్వొచ్చు. అనలేకపోతే, నేను కొనుక్కున్నది నీలం మంట కాదు, వాళ్లు అక్కడే ఉండిపోవడాన్ని.

ఈ పరీక్ష అన్నిటికీ సరిపోదని తెలుసు. గంధకం పని పోయి చేతికి ఇంకో పని రాకపోతే, దృశ్యం పోయినందుకు సంతోషించడం కూడా ఒక రకం పర్యాటకమే. వంతెన వస్తే పంటు మీద బతికేవాళ్ల సంగతి ఏమిటని మా ఊళ్లోనే అడుగుతారు, అడగాల్సిన ప్రశ్నే. దానికి జవాబు వెతకాల్సింది మాత్రం వంతెన కట్టి, వాళ్లకి దారి చూపించడంలో. పంటుని మా కోసం అలాగే దాచి ఉంచడంలో కాదు.

నేను ఇప్పుడు సఖినేటిపల్లికి కూడా తిరుగు టికెట్టు కొనుక్కునే వెళ్తాను. పాలకొల్లులో రైలెక్కితే తెల్లారేసరికి హైదరాబాదు. వరద వార్త ఫోన్‌లో చూస్తాను, ఇంటికి ఫోన్ చేస్తాను, నా ఇంట్లోకి నీళ్లు రావు. నాకు ఆ ఊరి మీద ఉన్న ప్రేమ అబద్ధం కాదు, కానీ అది ఒడ్డుమీది ప్రేమ. అందుకే ఆ ఊరి గురించి ఏది మిగలాలి, ఏది పోవాలి అన్నప్పుడు నా ఓటు విలువ పిన్ని ఓటు కంటే తక్కువ. పిన్నిని అడిగాను, వంతెన కావాలా అని. "పంటు బావుంటుందిరా, గాలొస్తుంది," అంది. కాసేపాగి, "వంతెనే కావాలి," అంది.